అన్నిటికీ ఒకే పేరు పెట్టేవారికి ఘన సన్మానం

ప్రోగ్రాముల్లో అన్ని పనులకూ ఒకే పేరు తగిలించే మహానుభావులకు తక్షణం సన్మానం చెయ్యాలి! చప్పట్లు నేను మొదలుపెడతాను.

మా ఆవిడ ప్రోగ్రామరు. ఆవిడ చెప్పగా నాకు ఎక్కినంతవరకు, ప్రోగ్రాములో ఒక్కో పనీ చేసే ముక్కని మెథడ్ అంటారు. బిల్లు పంపే మెథడ్‌కి ఒకాయన 'పంపించు' అని పేరు పెడతాడు. ఇంకొకాయన వచ్చి, మెసేజి పంపేదానికీ 'పంపించు' అనే పెడతాడు. రాసేటప్పుడు కంప్యూటరు కిక్కురుమనదు. తీరా నడిచేటప్పుడు, పేరు పట్టుకుని వెతికే చోట రెండు కనబడేసరికి, 'ఇందులో ఏది బాబూ?' అని చతికిలబడుతుంది.

దీన్ని తప్పంటారా? ఎంత అన్యాయం!

దేని పేరు దానికుంటే ఆఫీసులు సాయంత్రానికే ఖాళీ అయిపోవూ? క్యాంటీన్‌లో రెండో విడత టీ ఎవరు తాగాలి? నేను వంట నేర్చుకునేవాణ్ణా? మొగుడూ పెళ్లాలు రోజూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సొస్తే కాపురాలు నిలుస్తాయా, చెప్పండి!

మొన్నటికి మొన్న ఆవిడకు సెలవు దొరికింది. మా అమ్మాయితో కలిసి ముగ్గురం సముద్రం చూడ్డానికి బయల్దేరాం. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ అడుగుతున్నది అదొక్కటే. చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది.

“బిల్లులు ఆగిపోయాయమ్మా, ఒక్కసారి చూసి వెళ్లు,” అన్నారు మేనేజరుగారు.

ఆవిడ సూట్‌కేసు మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. 'పంపించు'లు రెండయ్యాయి. రెండోది పెట్టింది సాక్షాత్తూ మేనేజరుగారే!

“దాని పేరు మార్చేస్తే సరిపోతుంది సార్.”

“అమ్మో, పేరు మార్చాలంటే మీటింగు పెట్టాలి కదమ్మా! సోమవారం చూద్దాం. ఈలోగా ఆ పేరు వాడిన ప్రతిచోటా ఏది కావాలో విడమరిచి రాసెయ్యి.”

చూశారా పద్ధతి! ఉన్న పేరే ఇంకోదానికి పెట్టాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. వేరే పేరు పెట్టాలంటే మాత్రం పెద్దలంతా కొలువు తీరాలి.

“మీరు వెళ్లండి, నేను వెనకాలే వచ్చేస్తా,” అంది ఆవిడ. అమ్మాయి మొహంలోకి మాత్రం చూడలేదు. వస్తుందని మేమూ అనుకోలేదు.

సోమవారం మీటింగు దివ్యంగా జరిగిందట. పేరు మార్చాల్సిందేనని అందరూ ఒప్పుకున్నారట. మార్చే పని మా ఆవిడకే అప్పగించారు.

సముద్రం చాలా బాగుంది. ఇంటికి తిరిగొచ్చాక, కాళ్ల కింద ఇసుక ఎలా జారిపోతుందో అమ్మాయి వాళ్లమ్మకు వివరంగా చెప్పింది. “అవునా తల్లీ,” అంది ఆవిడ, ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తకుండానే.

అందుకే, ఆ సన్మానమేదో సముద్రం దగ్గరే పెడదామనుకుంటున్నాను. మేనేజరుగారు తప్పకుండా రావాలి. వేదిక కాస్త లోతుగా ఉన్నచోట వేయిస్తాను!