తాళంచెవుల ఒప్పందం

ఆ వీధిలో ప్రభుత్వం ఒక ఆదివారం పొద్దున, అందరూ టీలు తాగాక, లాంఛనంగా ఏర్పడింది. దాని మూలపురుషులు పౌరశాస్త్రం మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ సామాజిక ఒప్పందం పాఠం చెప్పి, ఒక్క విద్యార్థి చేతా అర్థమైందని అనిపించుకోలేకపోయిన మహానుభావులు. రిటైరయ్యాక ఆ కసి వీధి మీద తీర్చుకున్నారు.

"సోదర సోదరీమణులారా! పైన ఒకడు లేకపోతే ప్రతివాడూ పక్కవాడి గొంతు పిసుకుతాడు. అందుచేత మన స్వేచ్ఛలో కొంత ఒకడి చేతిలో పెడదాం. వాడు మనకు భద్రత ఇస్తాడు!"

అంతవరకు ఆ వీధిలో ఎవరూ ఎవరి గొంతూ పిసకలేదు. దొంగతనమైనా జరిగిన పాపాన పోలేదు. కానీ ప్రసంగం విన్నాక టైలరు బేకరీ ఆయన వంక, బేకరీ ఆయన టైలరు వంక కొత్తగా చూసుకున్నారు. చప్పట్లు మారుమోగాయి. స్వేచ్ఛలో కొంత అంటే ఎంతో తేలక, చివరకు వీధిలోనే ఒకాయనను కాపలాదారుగా ఎన్నుకుని, ఇళ్ల తాళంచెవులన్నీ తెచ్చి ఆయనకు అప్పగించారు. ఇకపై తలుపులు వేసేదీ తీసేదీ ఆయనే. ఎవరినైనా హడలగొట్టేలా దగ్గగలగడం ఆయన అర్హత.

"ఏమండీ, రెండో తాళంచెవైనా మన దగ్గర ఉంచుకుందాం" అంది మాస్టారి భార్య.

"ఛ! ఒప్పందం అంటే ఒప్పందమే" అని మాస్టారు అదీ ఇచ్చేశారు. ఆ క్షణంలో ఆయన ఛాతీ ఉప్పొంగింది.

పరిపాలన అద్భుతంగా సాగింది. తెల్లవారక ముందే పొయ్యి వెలిగించాల్సిన బేకరీ ఆయన, కాపలాదారు నిద్ర లేచేదాకా ఇంట్లోనే బందీగా ఉండేవాడు. వీధికి రొట్టెలు మధ్యాహ్నం అందేవి. మధ్యాహ్నం కాపలాదారు కునుకు తీసేవాడు. దానికి భద్రతా విరామమని పేరు. అంతసేపూ జనం గొడుగులు వేసుకుని ఎవరి గుమ్మం ముందు వారు క్రమశిక్షణతో నిలబడేవారు. గొణిగినవారి తలుపు ఆఖరున తెరుచుకునేది కాబట్టి అసంతృప్తి దాదాపు అంతరించింది.

తర్వాత ప్రభుత్వానికి కార్యాలయం కావాల్సి వచ్చింది. గాలీ వెలుతురూ బాగున్నాయని మాస్టారి ముందుగది ఎంపికైంది. మాస్టారి పడక్కుర్చీ ప్రజాప్రయోజనం కోసం కాపలాదారు కిందికి వెళ్లింది. దంపతులు వంటగదికి మారారు.

"ఇది మన ఇల్లు. వెళ్లి మన తాళంచెవి మనకిమ్మని అడగండి" అంది భార్య. మాస్టారికీ అడగాలనే ఉంది. కానీ తన పాఠాన్ని తనే కాదంటే ఏం మర్యాద? వీధి సభలో అడుగుతానన్నారు.

సభ జరిగింది. అడిగే అవసరమే రాలేదు. కాపలాదారు దగ్గి, తాళంచెవుల గుత్తి బల్ల మీద పడేశాడు.

"నాకూ విసుగొచ్చింది. ఎవరిది వాళ్లు పట్టుకెళ్లండి. అయితే ఒక్క మాట. మీది మీకిస్తే పక్కవాడిది పక్కవాడికీ ఇచ్చేస్తాను. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు బయటికొచ్చి తిరుగుతారో నా పూచీ కాదు. సరేనన్నవాళ్లు చెయ్యెత్తండి."

మాస్టారు తన పక్కనున్న టైలరును చూశారు. ఎన్నో ఏళ్లుగా తన చొక్కాలు కుట్టిన మనిషి. వేళకాని వేళ ఆ మనిషి తలుపు తీసుకుని వీధిలోకి వస్తున్నట్టు, చేతిలో కత్తెర ఉన్నట్టు అనిపించింది. సరిగ్గా అప్పుడే టైలరు కూడా మాస్టారి చేతికర్ర వంక చూస్తున్నాడు.

ఒక్క చెయ్యి లేచింది. అది మాస్టారి భార్యది. పక్కనే ఉన్న మాస్టారి చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. ప్రజలు స్వచ్ఛందంగా, భారీ మెజారిటీతో ప్రభుత్వాన్ని కొనసాగించారు.

దంపతులు తిరిగి వచ్చేసరికి కాపలాదారు ముందే చేరి తలుపు తీసి ఉంచాడు. పడక్కుర్చీలోంచే, "చెప్పులు బయట విడిచి రండి మాస్టారూ" అన్నాడు.

మాస్టారు చెప్పులు విడిచి, థాంక్స్ చెప్పి, గడప దాటారు. వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి తిరిగి చూశారు. భార్య మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"రావేం? లోపలికి రా."

"ఎవరింటికండీ?" అంది ఆమె.