వెనక చక్రాల మీద బరువు

దమయంతి ఇడ్లీ పిండి గిన్నెకు మూత పెట్టి గుడ్డతో బిగిస్తోంది. బేస్‌మెంట్‌లో అద్దెకుండే భవిత ముడి జారకుండా వేలు నొక్కి పట్టుకుంది. కాలేజీలో చేరాక ఆ అమ్మాయి కొండలు చూడబోవడం ఇదే మొదలు. అందుకోసం కాఫీ షాపులో లాంగ్ వీకెండ్ షిఫ్టులన్నీ మార్చుకుంది.

బయట జనార్ధనరావు వంటగదీ పడకలూ ఉన్న కొత్త ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలిస్తున్నాడు. దాని ముక్కు ట్రక్కు వెనక తొట్టిలో కూర్చుంటుంది. ఇంట్లో చెప్పకుండా కొన్నాడు గనక భార్య దమయంతి ఒకే షరతు పెట్టింది: కాల్గరీ ఊరు దాటేలోగా కాటా వేయించాలి, ఎక్కడ బరువు హద్దు దాటినా ట్రైలర్ అమ్మేయాలి.

హైవే పక్క కాటా మీద ట్రైలర్ చక్రాల బరువు హద్దులోనే ఉంది. ట్రక్కు వెనక చక్రాల దగ్గర మాత్రం నలభై కిలోలు ఎక్కువ వచ్చింది.

"నలభయ్యేగా! ఎయిర్‌పోర్ట్‌లో చెయ్యట్లేదా? సూట్‌కేస్‌లోంచి తీసి హ్యాండ్ బ్యాగేజీలో పెట్టడమే," అన్నాడు జనార్ధనరావు.

ట్రైలర్ తోక దగ్గరి వంటగదిలోంచి బియ్యం బస్తా, గ్రైండర్, నీళ్ల క్యాన్లు మోసుకొచ్చి ట్రక్కు తొట్టిలో సర్దాడు. మళ్లీ కాటా ఎక్కితే నలభై కాస్తా నూట ముప్పై అయింది.

"కాటా చెడిపోయినట్టుంది."

"ఎడ్లబండిలో వెనక బరువు దించితే కాడి ఎద్దు మెడ మీద పడదుటండీ? పైగా దించింది తెచ్చి ఎద్దు వీపు మీదే పెట్టారు," అంది దమయంతి.

"ఇది ఎద్దు కాదే, డీజిల్!"

"మోసేదానికి మెడ మెడే."

"అంకుల్, ఆంటీ చెప్పినట్టు ఒక్కసారి చూద్దాం," అంది భవిత. ఆమె కళ్లు పడమటి కొండల మీదే ఉన్నాయి.

సామానంతా వంటగదికి తిరిగి వెళ్లింది. ట్రైలర్ ముక్కు కింది అరలో ఉన్న జనరేటర్, పనిముట్ల పెట్టె కూడా తోకకు చేరాయి. ఆడవాళ్లు వెనక తలుపు మూస్తుండగానే జనార్ధనరావు ఆగలేక బండిని కాటా మీదికి పోనిచ్చాడు. హద్దు కంటే ఇరవై తక్కువ!

"నెగ్గాం! ట్రైలర్ మనదే!" కాటా బోర్డును ఫోటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టేశాడు.

"అంకుల్, ఇందాక మేం బండిలో ఉన్నాం. ఇప్పుడు కింద ఉన్నాం," అంది భవిత మెల్లగా.

ఇద్దరూ ఎక్కారు. ఇరవై తక్కువ పోయి ముప్పై ఎక్కువ వచ్చింది.

జనార్ధనరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "షరతు ట్రైలర్ గురించి గానీ మనుషుల గురించి కాదుగా. ఇంటికెళ్లి కారు తీసుకుని మీరిద్దరూ నా వెనకే వచ్చెయ్యండి."

"అలాగేనండీ," అంది దమయంతి. ఇంటికి వచ్చే దారిలో ఫోన్‌లో కొండల దగ్గర ఒక గది బుక్ చేసింది.

ఇంటి ముందు జనార్ధనరావు మళ్లీ ట్రైలర్ వంటగదిలోకి దూరాడు. "ఒక్క నిమిషం! పనిముట్ల పెట్టె ఇంకాస్త వెనక్కి జరిపి, దారిలో మరోసారి కాటా వేసి పోదాం!"

దమయంతి ఇడ్లీ పిండి గిన్నెను భవిత ఒళ్లో పెట్టి కారు తీసింది. కారు ట్రైలర్ పక్కగా ఇల్లు దాటి వెళ్లిపోయింది.

ట్రక్కు వెనక చక్రాల మీద బరువు మాత్రం హద్దులోనే ఉంది.