నాటకాలాయన దగ్గు

శుక్రవారానికి ప్రసాద్ బాబు వేసుకున్న లెక్క చిన్నదే. పొద్దున ప్రార్థన, పదకొండింటికి పావుగంట నాటకం, తర్వాత బిర్యానీ, రెండింటికి సూసనక్కని విమానాశ్రయానికి పంపడం. వెళ్ళేటప్పుడు ఆమె నవ్వుతూ వెళ్ళాలి. అంతే.

సూసన్ నిజ్వాలో ఇరవై ఏడేళ్ళు నర్సుగా చేసింది. ఈ గల్ఫ్ దేశం వదిలి వెళ్ళేవాళ్ళని ఎంతమందినో పంపింది. ప్రతిసారీ పాట, ప్రార్థన, ఆ తర్వాత వరసగా ఏడుపులు. తన వంతు వచ్చేసరికి ముందే చెప్పేసింది.

"ఒక్కళ్ళు ఏడ్చినా నేను ఉండను. చెప్పాపెట్టకుండా టాక్సీ ఎక్కేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ప్రసాద్ బాబు మాటిచ్చాడు. "నవ్వించే పూచీ నాదక్కా."

ప్రసాద్ బాబు వాదీ కబీర్ అనే పేటలో కారు సీట్లకీ సోఫాలకీ కవర్లు కుడతాడు. నాటకం ఆలోచన కూతురు బ్యూలా ఫ్రెంచి పాఠంలోంచి వచ్చింది. అందులో ఒక పాతకాలపు హాస్య నాటకకర్త ఉన్నాడు.

"నాన్నా, ఈయన వాళ్ళ నాన్న కూడా నీలాగే కుర్చీలకి గుడ్డ వేసేవాడంట. రాజుగారి కుర్చీలకి."

ఆ మాటతో ఆయన ప్రసాద్ బాబుకి దగ్గర బంధువైపోయాడు. పేరు నోరు తిరగక "నాటకాలాయన" అని పిలవసాగాడు. నాటకాలాయన తండ్రి పని వదిలేసి, ఊరూరా తిరిగి వేషాలు కట్టి, రాజు మెప్పు పొందాడు. వైద్యుల్ని నాటకం తర్వాత నాటకంలో వెక్కిరించాడు. చివరికి లేని జబ్బు ఉందనుకునేవాడి వేషం వేస్తూ, ఉన్న జబ్బుతో స్టేజీ మీదే కూలబడ్డాడు. జనం నటన అనుకుని నవ్వారట. ఆ రాత్రే పోయాడు.

"ఇందులో నవ్వేముంది నాన్నా?"

"మన నాటకంలో ఆఖర్న లేచి డాక్టరుని తంతాడే. అక్కడ."

వర్క్‌షాపులో రిహార్సల్ చూసినవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. అక్కడ ఒక్క నర్సు కూడా లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. భార్య మేరీకుమారి కూడా నర్సే. ఆమెకి చెబితే వద్దంటుందని చెప్పలేదు.

పదకొండింటికి తెర తీశారు. హాల్లో నలభై మంది, అందులో ముప్పై రెండుమంది నర్సులు. స్టేజీ మీద సోఫాలో, ఉన్ని శాలువా కప్పుకుని నాటకాలాయన. పక్కన తెల్లకోటులో డాక్టరు వేషం కెవిన్. బయట ఏసీలు బాగుచేస్తాడు. రెండు నిమిషాలు నాటకం బాగానే నడిచింది. మూడో నిమిషంలో ప్రసాద్ బాబు దగ్గాడు. రుమాలు నోటికి అడ్డుపెట్టుకుని తీశాడు. రుమాలంతా ఎర్రగా ఉంది. తర్వాత అనుకున్నట్టే సోఫా మీంచి కిందికి జారాడు.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలోంచి సూసన్ లేచింది. ఆమె చూసింది రుమాలుని కాదు, అతని నుదుటిని. శాలువా వేడికి చెమట కారిపోతోంది. మనిషి దగ్గు నటించగలడు గానీ చెమట నటించలేడని ఆమెకి తెలుసు.

"ఎవరూ కంగారు పడొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి."

ముప్పై రెండుమందీ ఒక్క ఊపున స్టేజీ ఎక్కారు. శాలువా పోయింది, చొక్కా గుండీలు పోయాయి.

"అక్కా, నాకేం లేదు. ఇది నాటకం."

"గుండెపోటొచ్చిన మగాళ్ళందరూ ముందనేది అదే. నాకేం లేదు, నాకేం లేదు." సూసన్ కెవిన్ వైపు తిరిగింది. అక్కడికి దూరంగా నిజ్వాలో ఉండే ఆమెకి అతనెవరో తెలీదు. "ఏం డాక్టరుగారూ, అలా నిలబడి చూస్తారేంటి? ఏదో ఒకటి చెప్పండి."

భయంతో కెవిన్‌కి నాటకం కోసం కంఠతా పట్టిన పాతకాలపు వైద్యుడి ముక్క తప్ప ఇంకేమీ నోటికి రాలేదు. "రోజుకి మూడుసార్లు రక్తం తీసేయండి."

"ఏ కాలేజీ బాబూ నీది?"

ఇంతలో వంటగదిలోంచి మేరీకుమారి వచ్చింది. రుమాలు చేతిలోకి తీసుకుని ఒక్కసారి వాసన చూసింది. బ్యాగులోంచి బీపీ మిషను తీసి, నిదానంగా మొగుడి జబ్బకి పట్టీ చుట్టింది.

"మేరీ, నువ్వైనా చెప్పు."

"మాట్లాడకండి. లెక్క తప్పుతుంది."

పైన రెండు వందలు, కింద నూట పది. మరోసారి చూసినా అంతే.

ఆ తర్వాత ప్రసాద్ బాబు మాటకి విలువ లేకుండా పోయింది. అంబులెన్సు వచ్చింది. సూసన్ కూడా ఎక్కింది. "అక్కా, మీ విమానం" అని ఎవరో అంటే, "పేషెంటుని ఇంకొకళ్ళకి అప్పగించకుండా నేనెప్పుడైనా డ్యూటీ దిగానా?" అంది.

సాయంత్రానికి బీపీ దిగింది. విమానం వెళ్ళిపోయింది. మంచం మీద ప్రసాద్ బాబు తల వంచుకున్నాడు.

"నవ్విస్తానని మాటిచ్చి విమానం తప్పించానక్కా. అది రక్తం కాదు, బీట్‌రూట్."

"నాకు తెలుసు," అంది మేరీకుమారి. "ఫ్రిజ్‌లో ఒకటి తగ్గింది. వాసన కూడా చూశాను."

"తెలిసీ చెప్పలేదా?"

"మూడేళ్ళుగా బీపీ చూపించుకోమంటే పారిపోతున్నారు. ముప్పై రెండుమంది పట్టుకుని ఉండగా మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు?"

సూసన్ ఒక్క క్షణం ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత మొదలైన నవ్వు ఆగలేదు. కుర్చీ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ కళ్ళనీళ్ళు పూర్తిగా నవ్వువే కావని మేరీకుమారికి అర్థమైంది.

మర్నాడు పొద్దున వేరే విమానం. సెలైన్ స్టాండు పక్కనే నిలబడి సూసన్ తన ఆఖరి డ్యూటీ అప్పగించింది. "పేషెంటు పేరు ప్రసాద్ బాబు. పొద్దున ఒక మాత్ర. ఉప్పు తగ్గించాలి. అబద్ధాలాడతాడు, మాత్ర మింగాడో లేదో నాలిక ఎత్తించి చూడాలి. అందిందా సిస్టర్?"

"అందిందక్కా," అంది మేరీకుమారి.

సూసన్ నవ్వుతూనే వెళ్ళింది. ఎవరూ ఏడవలేదు, కనీసం ఆమె మలుపు తిరిగేదాకా.

నాటకాలాయన మరణానికి కారణం రాయమని ఆ వారం బ్యూలాకి పరీక్షలో ప్రశ్న వచ్చింది. హాల్లో నర్సులు లేకపోవడం అని రాసింది. అయిదుకి నాలుగొచ్చాయి.