అన్నం అడగని సన్నాయి

గ్రామఫోను కనిపెట్టిన మహానుభావుడికి మన పల్నాట్లో గుడి కట్టాలి! నవ్వకండి. ఇద్దరాడపిల్లల తండ్రిగా చెబుతున్నాను.

మన మేళగాళ్ల సంగతి మీకు తెలియదా? డప్పువాడికి వాయించడం కంటే డప్పు కాచుకోవడం మీదే ధ్యాస. మీ వామిలో గడ్డి అంతా వాడి మంటకే చాలదు. డోలువాడు మామూలుగా మాట్లాడటం ఎరగడు. పక్కింటివాణ్ణి పలకరించినా పొలిమేర దాకా వినబడాలి. హార్మోనియంవాడు ఉత్తరీయం సర్దుకుంటే తాసిల్దారైనా లేచి నిలబడాలి! ఇక సన్నాయివాడా? బుగ్గల్లో గాలెంతో ఒంట్లో పొగరంత. ఊదేముందు పాలు, ఊదాక పెరుగన్నం!

గ్రామఫోను అలా కాదు. పాలడగదు, పొగాకడగదు, అన్నమడగదు. కీ ఇస్తే పాడుతుంది, మూత వేస్తే నోరు మూస్తుంది. ఇంత మర్యాద తెలిసిన విద్వాంసుణ్ణి ఎక్కడైనా చూశారా? ఈ మాట గురజాల బజారులో కనబడ్డవాడికల్లా చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. కిందటేడు మా పెద్దమ్మాయి రాజ్యలక్ష్మి పెళ్లికి నరసరావుపేట నుంచి ఆ పెట్టెనే తెప్పించాను. నా పెళ్లికి ఊదిన సైదా సాహెబుకు మాత్రం, "భోజనానికి రా, సన్నాయి ఇంటికాడ పెట్టి రా" అని కబురంపాను. నా దయాగుణం గమనించారా!

ముహూర్తం వచ్చింది. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే వేళ ఎవరి తుమ్మూ, చెడుమాటా చెవిన పడకూడదనే కదా ఆ మోత? యుద్ధం రోజులాయె, కొత్త సూదులు దొరకవు. అరిగిన సూది ప్లేటు మీద ఇరుక్కుని, పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. పందిరంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే ఎవరో తుమ్మారు.

ఎవరో ఏమిటి, నేనే. నశ్యం అలవాటు.

వియ్యంకుడు పున్నారావు గారు కొడుకు చెయ్యి పట్టుకున్నారు. "ఆగరా! పిల్ల తండ్రే తుమ్మితే ఏంది దీనర్థం? లేవండి, పోదాం!"

పీటల మీద పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "సైదా, ఊదరా!" అని అరిచాను.

"సన్నాయి ఇంటికాడ పెట్టి రమ్మంటిరి గదయ్యా!"

అన్నాడే గానీ, పిల్ల ముఖం చూసి ఆగలేకపోయాడు. వంటశాలలో గంగాళం బోర్లించి గరిటెతో దరువు అందుకున్నాడు. ఆ మోతలో వియ్యంకుడి కేకలు ఎవరికీ వినబడలేదు. పెళ్లికొడుకు చెయ్యి విడిపించుకుని మూడు ముళ్లూ వేసేశాడు, బుద్ధిమంతుడు!

ఇప్పుడు చిన్నమ్మాయికి సంబంధం కుదిరింది. మొన్న నేనే సైదా ఇంటికి వెళ్లి, సన్నాయి పట్టుకుని రమ్మన్నాను.

"మేమెందుకయ్యా? పెట్టెను పిలవండి. అది అన్నమడగదంట గదా!" అన్నాడు.

చూశారా పొగరు! అందుకే మళ్లీ చెబుతున్నాను, గ్రామఫోను మనకు దేవుడిచ్చిన వరం. కాకపోతే ముహూర్తం దగ్గర పడింది. మీ ఎరుకలో సన్నాయి విద్వాంసులు గారెవరైనా ఉంటే దయచేసి కబురు చేయండి. పాలు నేనే కాచి ఇస్తాను, పెరుగన్నం నేనే కలిపి వడ్డిస్తాను.