నాలుగో అంతస్తుకు కాస్త కింద

గురువారం ఉదయం ఆరున్నరకి అత్తగారు సంచి సర్దుతోంది. ప్రయాణం కోడలిది. వెళ్లేది రైల్లో మూడు గంటల దూరం, తిరిగి వచ్చేది ఆ సాయంత్రమే. సంచిలోకి అప్పటికే రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, జ్వరం బిళ్లలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె చేరాయి.

"సాయంత్రానికి వచ్చేస్తాను కదా అత్తయ్యా, దుప్పటి ఎందుకు?" అంది కోడలు.

"వెళ్లేవాళ్లందరూ సాయంత్రానికి వచ్చేస్తామనే అంటారు," అంటూ అత్తగారు దుప్పటిని ఇంకాస్త అదిమింది. "అక్కడ గొడవ పెట్టుకోకు. ఒకరి ఉద్యోగం తీసేస్తే వాళ్లు ఊరుకుంటారా?"

"తీసెయ్యడానికి కాదు. విచారణకి."

"ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉంటుందేం?"

ఆ సంగతి కోడలికీ తెలియదు.

ఆమె మేనేజరై పన్నెండు రోజులైంది. వాళ్ల కంపెనీ లిఫ్టులు అమర్చి, వాటి బాగోగులు చూస్తుంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఎర్ర బొత్తాం నొక్కితే ఆ ఫోను, ఇళ్లలో కూర్చుని పనిచేసే తొమ్మిదిమంది ఉద్యోగుల్లో ఆ భవనం ఎవరి వంతైతే వాళ్లకి వెళుతుంది. ఆ ఉద్యోగి చోటు రాసుకుని, మెకానిక్కుకి కబురు పంపి, "మీ ఫిర్యాదు నమోదైంది" అని మూడు నిమిషాల్లో ఫోను పెట్టెయ్యాలి. ఎనిమిదిమంది అలాగే పెట్టేస్తున్నారు. తొమ్మిదోవాడి ఫోన్లు మాత్రం నలభై నిమిషాలు సాగుతున్నాయి. మీటింగుల్లో నోరు మెదపడు కనుక అతనికి ఆఫీసులో బుద్ధిమంతుడని పేరు. ఒకప్పుడు మెకానిక్కు. మోటారు గది మెట్ల మీద నుంచి పడి కాలు విరిగాక కంపెనీ ఈ ఇంటిపట్టు పని ఇచ్చింది. అతనికీ, తల్లికీ ఉన్న ఆధారం అదొక్కటే.

జనరల్ మేనేజరు బుధవారం ఆమెను పిలిచి ఒక రికార్డింగు వినిపించాడు. అందులో బుద్ధిమంతుడి గొంతు లేదు. ఎవరో ముసలావిడ తీరిగ్గా, "భోంచేశావా నాయనా? చెమట పడుతోందా? చొక్కా పైగుండీ తీసెయ్," అంటోంది.

"విన్నావా? కంపెనీ ఫోను ఇంట్లోవాళ్లకిచ్చి ఈయనగారు ఊరేగుతున్నాడు. రేపే వెళ్లి తేల్చుకురా. శుక్రవారం సాయంత్రానికి ఇతగాడి రాజీనామా నా బల్ల మీద ఉండాలి."

"ఆయన చెప్పేది కూడా వినాలి కదండీ?"

"విను, విను. విని తీసుకురా."

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె కొత్త మేనేజర్లకిచ్చే చిన్న పుస్తకం తెరిచింది. అందులో పదకొండు సూత్రాలున్నాయి. 'ఉద్యోగికి తప్పు ఒప్పుకునే అవకాశం ముందుగా, ఏకాంతంగా ఇవ్వవలెను' అన్నది మూడోది. ఆమె ఫోను తీసి, రెండుసార్లు చెరిపి, మూడోసారి ఇలా రాసింది: "పనివేళల్లో మీరు చేస్తున్నది నాకు తెలిసిపోయింది. రికార్డులు నా దగ్గరున్నాయి. మీ అంతట మీరే ఒప్పుకుంటే మీకే మంచిది."

పంపాక చూసుకుంది. అది బుద్ధిమంతుడికి వెళ్లలేదు. ఆఫీసు గ్రూపుకి వెళ్లింది. తొమ్మిదిమంది ఉద్యోగులూ, జనరల్ మేనేజరూ, కంపెనీ యజమానురాలూ ఉన్న గ్రూపు అది. యజమానురాలు అందులో ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు, చదువుతుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. మేనేజరు వెంటనే దాన్ని తుడిచేసింది. తెర మీద నుంచి మెసేజి మాయమైంది. తుడిచింది తన ఒక్క ఫోనులోనే అన్న సంగతి రెండు స్టేషన్లు దాటాక తెలిసింది.

జవాబుగా వచ్చిన మొదటి మెసేజి ఒకమ్మాయిది. "మేడం, సెలవు పెట్టినప్పుడు మా తాతగారు పోలేదు. బాగానే ఉన్నారు. ఇప్పుడు నా పక్కనే ఉన్నారు. ఆయన కూడా క్షమించమంటున్నారు." రెండోది: "ఆఫీసు కుర్చీ ఇంటికి తెచ్చుకున్నది నిజమే మేడం. మా మావగారు అందులో కూర్చున్నారు, ఇక లేవడం లేదు. లేవగానే పంపిస్తాను." మూడోవాడు, మీటింగుల్లో వినపడటం లేదన్న ప్రతిసారీ తనకు మాటలు బాగానే వినపడ్డాయని ఒప్పుకున్నాడు. నాలుగో ఆవిడ ఏ తప్పో రాయకుండా "ఇంకెప్పుడూ చెయ్యను" అని మూడుసార్లు రాసింది.

అయిదోది జనరల్ మేనేజరు నుంచి వచ్చింది. "అమ్మాయ్, ఆ తనిఖీ సంతకాల సంగతి నీకెవరు చెప్పారు? మనం మనం మాట్లాడుకుందాం. గ్రూపులో వద్దు." ఆ వద్దన్నది కూడా గ్రూపులోనే.

ఏ సంతకాలో ఆమెకు అర్థం కాలేదు. పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకీ తిప్పింది. ఊరంతా కట్టగట్టుకుని తప్పులు ఒప్పుకుంటే మేనేజరు ఏం చెయ్యాలో పదకొండు సూత్రాల్లో ఎక్కడా లేదు.

ఆఖరుగా బుద్ధిమంతుడు రాశాడు. "నాకేనని తెలుసు మేడం. స్టేషను దగ్గర ఉంటాను. మీ పేరు రాసిన అట్ట పట్టుకుంటాను."

'విచారణలో ఉన్న ఉద్యోగి నుంచి ఏ ఉపకారమూ పొందరాదు' అన్నది ఏడో సూత్రం. అందుకని ఆమె అట్ట పట్టుకున్న మనిషి కంట పడకుండా, సంచి భుజాన వేసుకుని, స్టేషను వెనక గేటులోంచి జారుకుని బస్సెక్కింది. పదకొండింటికల్లా అతనుండే అయిదంతస్తుల భవనం ముందు దిగింది. లిఫ్టు తమ కంపెనీదే. దాన్ని చూడగానే సొంత మనిషి కనిపించినంత ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం మూడో అంతస్తు దాకా ఉంది. నాలుగో అంతస్తుకు కాస్త కింద లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, మూలిగి, ఆగిపోయింది. ఆమె అన్ని బొత్తాలూ నొక్కింది. తర్వాత తలుపు కొట్టింది. తర్వాత, తను లిఫ్టుల కంపెనీలో మేనేజరునన్న సంగతి పూర్తిగా మరిచిపోయి, "ఎవరైనా ఉన్నారా!" అని అరిచింది. అన్నీ అయ్యాక ఎర్ర బొత్తాం నొక్కింది.

"హలో, భయపడకు," అంది గోడలోంచి ఒక ముసలి గొంతు. రికార్డింగులో విన్న గొంతే. "ఒక్కదానివేనా? ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది. కానీ... కాళ్లు వణుకుతున్నాయి."

"వణకనీ తల్లీ, వాటి పని అవి చేసుకుంటాయి. నువ్వు కింద కూర్చో. సంచేదైనా ఉందా? దాని మీద కూర్చో. ఏ భవనమో చూస్తానుండు... అయ్యో, ఇది మాదే! నేను పైన అయిదో అంతస్తులోనే ఉన్నాను. ఉండు, దిగొస్తున్నా."

ఆమె దుప్పటి ఉన్న సంచి మీద కూర్చుంది. కాసేపటికి తలుపవతల మెట్ల మీద ఎవరో మూలుగుతూ చతికిలబడ్డ చప్పుడైంది. ఇక ఆ పెద్దావిడ మాట్లాడే ప్రతి మాటా ఒకసారి తలుపులోంచీ, ఒక్క క్షణం ఆలస్యంగా ఇంకోసారి గోడలోంచీ వినపడసాగింది. రెండుసార్లు ధైర్యం చెబుతున్నట్టుంది.

"ఫోను పెట్టెయ్యండి పెద్దమ్మా, ఇక్కడే ఉన్నారుగా," అంది మేనేజరు.

"నేను ముందు పెట్టనమ్మా, ఎవరికీ పెట్టను. మా చెల్లెలు ఊరెళుతూ ఫోను చేస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేనే పెట్టేశాను. మళ్లీ చేస్తానంది, ఇక ఆ ఫోను రాలేదు. పాలు కూడా పొంగిపోయాయి. సరేగానీ, ఎవరింటికొచ్చావు?"

"తెలిసినవాళ్ల ఇంటికి."

"మంచిది. మా ఇంటికీ ఇవాళ ఒకావిడ వస్తోంది. మేనేజరమ్మ. కొత్తదట, పన్నెండు రోజులైందట. మావాడి ఉద్యోగం తీసెయ్యడానికి."

"తీసేస్తానందా?"

"విచారణ అందట. పాపం ఆవిడనేమనుకుంటాం, పై అధికారి పొడుస్తూ ఉంటాడు. కానీ ఆ మెసేజేమిటమ్మా, పోలీసులు రాసినట్టు? చదివి మావాడు కాఫీ కూడా ముట్టలేదు. తప్పు నాది. వాడు ఇంకో ఫోనులో మెకానిక్కు వెంట పడి, ఈ తీగ చూడు, ఆ మీట తిప్పు అని చెబుతుంటాడు. అంతసేపూ లోపలివాళ్లని ఒంటరిగా వదిలెయ్యమంటావా? నేనే లాక్కుంటాను ఫోను. మా పాతింట్లో ఒక గదిలో ఉండగా బయట తాళం పడితే ఎలా ఉందో నాకు తెలుసు."

మేనేజరు తల వంచుకుంది. తల వంచుకున్నా ఎవరికీ కనపడని చోట ఉన్నందుకు మొదటిసారిగా లిఫ్టుకి కృతజ్ఞత చెప్పుకుంది.

పెద్దావిడ ఇంకో ఫోను తీసి, స్పీకరు పెట్టి కొడుకుని పిలిచింది. "ఒరేయ్, మన లిఫ్టులో ఒకమ్మాయి ఇరుక్కుంది. మోటారు గది తాళం నీ జేబులోనే ఉంది. రా!"

"ఆ కబురు నా ఫోనుకీ వచ్చిందమ్మా, మెకానిక్కుకి చెబితే గంటన్నర పడుతుందన్నాడు. నువ్వు మాట్లాడుతూ ఉండు. మేడం ఈ బండికి రాలేదు. తర్వాతి బండికి వచ్చినప్పుడు నేనిక్కడ లేకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే."

"నువ్వొస్తే అయిదు నిమిషాల్లో దించుతావు కదరా!"

"దించుతాను. కానీ మేడం..."

లోపల మేనేజరు మొహం తుడుచుకుంటూ పైకి చూసింది. ఎదుటి గోడకి తనిఖీ కాగితం అతికించి ఉంది. పోయిన నెల తొమ్మిదో తేదీన లిఫ్టును స్వయంగా పరీక్షించాననీ, అంతా సవ్యంగా ఉందనీ రాసి, కింద జనరల్ మేనేజరు పొడుగుతోక సంతకం. తొమ్మిదో తేదీ ఆమెకు బాగా గుర్తు. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన తన ఎదురుగానే, మూడు గంటల దూరంలోని ఆఫీసులో కూర్చుని, నిజాయితీ అంటే ఏమిటని ఆమెను ప్రమోషను ఇంటర్వ్యూ చేశాడు.

ఆమె ఫోనుతో ఆ కాగితాన్ని ఫోటో తీసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, మేనేజరు వచ్చేసిందని మీ అబ్బాయికి చెప్పండి."

"ఎక్కడికి?"

"నాలుగో అంతస్తుకు కాస్త కిందకి."

తలుపవతల చప్పుడు లేదు. గోడలోంచీ లేదు.

"అయితే ఇందాక నేనన్నవన్నీ..." అంది చివరికి పెద్దావిడ.

"విన్నాను."

"రెండుసార్లా?"

"రెండుసార్లు. రికార్డు కూడా అయ్యాయి."

"అయితే పోలీసుల మాట మాత్రం తీసెయ్యి తల్లీ. మిగతాదంతా నిజమే."

బుద్ధిమంతుడు కుంటుకుంటూ అయిదంతస్తులూ ఎక్కి, మోటారు గదిలో చక్రం తిప్పి లిఫ్టును మూడో అంతస్తుకి దించాడు. తలుపు తెరుచుకునేసరికి పెద్దావిడ అక్కడికి దిగివచ్చి, ఫోను ఇంకా చెవికే ఆనించుకుని నిలబడి ఉంది. మేనేజరు ఆవిడ రెండో చేయి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. లిఫ్టులోని ఫోనుకి పెట్టెయ్యడానికి బొత్తామంటూ లేదు, పెద్దావిడ ముందు పెట్టనంటోంది. చివరికి కొడుకు తన కంప్యూటరు దగ్గరకి వెళ్లి కట్ చెయ్యాల్సి వచ్చింది. అప్పటికి ఆ ఫోను మొదలై యాభై రెండు నిమిషాలు.

విచారణ ఆ తర్వాత జరిగింది. పెద్దావిడ ఇచ్చిన కాఫీ తాగుతూ, ఏడో సూత్రాన్ని పక్కన పెట్టి, ఆమె అతను చెప్పినదంతా రాసుకుంది. "తప్పే మేడం," అన్నాడతను. "ముందే అడిగి ఉండాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు."

"నేనైనా వద్దనేదాన్నే," అంది మేనేజరు. "ఈ పొద్దున దాకా."

తిరుగు బండిలో ఆమె నివేదిక రాసింది. నియామకం లేని మనిషికి కంపెనీ ఫోను ఇచ్చినందుకు ఉద్యోగికి ఒక హెచ్చరిక లేఖ. ఆ మనిషిని వెంటనే నియమించాలని సిఫారసు. బుద్ధిమంతుడి వంతు భవనాల వాళ్లలో ఒక్కరు కూడా వేరే కంపెనీకి మారలేదన్న వివరం. చివర, గోడ మీది కాగితం ఫోటో. పంపేముందు పేరు మూడుసార్లు చూసుకుంది. యజమానురాలికే వెళ్లింది. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "గ్రూపు నేను రోజూ చదువుతాను. రేపు వస్తున్నాను."

చీకటి పడకముందే ఇల్లు చేరింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది, ఎప్పటినుంచో ఎవరూ అడగలేదు. సంచి అందుకుని, మనిషిని తల నుంచి కాళ్ల దాకా చూసి, "వచ్చావు," అంది. అంతకుమించి ఆ రోజు ఎవరికీ ఏమీ అక్కర్లేదు.

శుక్రవారం యజమానురాలు ఆఫీసుకి వచ్చి, హెచ్చరిక లేఖ మీద ఒక సంతకం, పెద్దావిడ నియామకపత్రం మీద ఒక సంతకం పెట్టింది. తర్వాత తొమ్మిదో తేదీ కాగితం గురించి జనరల్ మేనేజరును తన గదికి రమ్మని కబురంపింది. టీ తాగి వచ్చేస్తానని సాయంత్రం నాలుగింటికి కిందికి వెళ్లిన జనరల్ మేనేజరు ఇక తిరిగి రాలేదు.