రెండు లక్షల లైకులు, పన్నెండు వోల్టులు

ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా బావ బల్ల మీద ఒక బోర్డు కాలిపోయింది. తప్పు ఎవరిదీ కాదు. మల్టీమీటరుది!

ఆలోచించండి. చేతిలో ఫోనున్న మనిషికి మీటరెందుకు? అది అనుమానపు మనుషుల వస్తువు. తీగకు ఆనించి, అంకె చదివి, కాగితం మీద రాసుకునేవాళ్లు ఒకప్పుడు ఉండేవారు. ఇప్పుడు మనం వోల్టులను లైకుల్లో కొలుస్తున్నాం. ఎంత హాయి!

మా బావ ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ ఆపరేటరు. ఆయన తల్లికి చెవులు వినబడవు. వీధి తలుపు దగ్గర గంట నొక్కితే ఆవిడ గదిలో బల్బు వెలిగేలా, అరచేతిలో పట్టే బోర్డు ఒకటి తయారు చేశాడు. రెండు నెలలు పట్టింది. బ్యాటరీలు మాత్రం వారం తిరక్కుండా అయిపోతున్నాయి. సోమవారం పదింటికి వినికిడి మిషను అమర్చే మనిషి రావాలి. ఆ వేళకి బావ ప్రెస్సులో, అక్క బట్టల కొట్లో ఉంటారు. ఇంట్లో ఆవిడొక్కతే. బల్బు వెలగాలి.

అందుకని బావ పాత సామాన్ల కొట్లోంచి ముప్ఫై ఏళ్లనాటి కంప్యూటరు పవర్ సప్లై పెట్టె పట్టుకొచ్చాడు. బోర్డుకు కావలసింది ఐదు వోల్టులు. ఆ పెట్టె తీగల్లో ఐదూ ఉంది, పన్నెండూ ఉంది. ఏది ఏదో చెప్పే చీటీ ఎప్పుడో చిరిగిపోయింది.

అప్పుడు దొరికాడు వీడియో గురువు! "ఎరుపంటే ఐదు, పసుపంటే పన్నెండు. ఏ పెట్టయినా అంతే బ్రదర్. మీటరక్కర్లేదు, కళ్లుంటే చాలు." పద్నాలుగు నిమిషాల వీడియోలో ఈ మాటకి ఎనిమిది సెకన్లు. మిగతాదంతా సబ్‌స్క్రైబ్ చేసి గంట బొమ్మ నొక్కమని బతిమాలడమే.

బట్టలు మడతపెడుతూ అక్క అడిగింది. "ఏవండీ, ఎవరిదైనా మీటరు తెచ్చి ఒకసారి పెట్టి చూడరాదూ?"

"రెండు లక్షల మంది లైకు కొట్టారే! వాళ్లందరికీ ఏం తెలీదా?"

"వాళ్లెవరూ మన పెట్టె చూళ్లేదు కదండీ!"

చూశారా వితండవాదం? రెండు లక్షల మందిని పట్టుకుని!

బావ ఎర్ర తీగ కలిపి స్విచ్చి వేశాడు. ఆ పెట్టె చేసిన కంపెనీ తన రంగులు తనే పెట్టుకుంది. దాని లెక్కలో ఎరుపే పన్నెండు. బోర్డు మీంచి పొగ వచ్చింది.

వీడియో కింద బావ జరిగింది రాశాడు. గంటలో జవాబొచ్చింది. "పాత పెట్టెలకి మీటరు పెట్టి చూస్కోవాలి బ్రదర్, ఆ మాత్రం తెలీదా?" దానికి నాలుగు వందల లైకులు. గురువంటే అలా ఉండాలి! ముందు చెబితే శిష్యుడికి అనుభవం ఎలా వస్తుంది?

బోర్డులమ్మే కొట్లకు ఆదివారం సెలవు.

ఒక సంగతి చెప్పడం మరిచాను. బావ శనివారమే ఫోన్ చేసి, "నీ మీటరోసారి ఇస్తావా బావమరిదీ?" అన్నాడు. అది మా అటక మీద ఉంది. నిచ్చెన వేయాలి. "ఈ రోజుల్లో మీటరేంటి బావా!" అని ఆ వీడియో లింకు పంపింది నేనే.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చిన అక్కకు తలుపు సందులో ఒక చీటీ దొరికింది. సమయం పది గంటల ఐదు నిమిషాలు అని ఉంది. కింద రెండు వాక్యాలున్నాయి. "గంట మూడుసార్లు నొక్కాను. ఇంట్లో ఎవరూ లేరు."