మా వంటింట్లో వేసవి బదిలీలు

ఒంటరి మగవాడి వంటింటిని ఏడాదికోసారి చుట్టాలు వచ్చి తలకిందులు చేయాలి. ఇందుకు చట్టం తెచ్చినా నాకు అభ్యంతరం లేదు!

నవ్వకండి. సర్కారు ఉద్యోగులకు వేసవిలో బదిలీలు ఉన్నప్పుడు ఉప్పు జాడీకి ఎందుకు ఉండకూడదు? మదనపల్లెలోని మా ఇంట్లో అది ఏళ్ల తరబడి ఒకే సీట్లో పాతుకుపోయింది. ఆ సీటు ఇచ్చింది నా భార్య మాలతి. ఆమె పొట్టి మనిషి. రోజూ కావలసినవి కింది అరలో, పండక్కి కావలసినవి పై అరలో పెట్టేది. ఆమె పోయాక నేను వంట నేర్చుకున్నది ఆ అరల ముందే. కరెంటు పోయినా సరే, చెయ్యి చాపితే చింతపండు అందేది.

అంత సుఖం మనిషికి మంచిదా? మెదడు తుప్పు పట్టదూ?

ఈ మే నెలలో ఆ తుప్పు వదిలింది. కుప్పం జాతర ముగించుకుని మా మరదలు ఉష వచ్చింది. వచ్చీ రాగానే వంటింటికి సున్నం కొట్టించాలని తీర్మానించింది. డబ్బాలన్నీ నట్టింట్లోకి దిగాయి. సున్నం ఒక్క పూటలో ఆరిపోయింది. సర్దడం మాత్రం వారమంతా సాగింది.

"ఎవురన్నా ఉప్పు ఈడ పెడతారా బావా? వంగి వంగి నడుము ఇరగదా?" అంది ఉష. ఆమె పొడగరి. పొడుగు సీసాలు వెనక, పొట్టివి ముందు, అన్నీ పై అరకే ఎక్కించి, తృప్తిగా కుప్పం బస్సెక్కింది.

మర్నాడే పుంగనూరు నుంచి మా చెల్లెలు గంగులమ్మ, ఆమె భర్త లింగప్ప మామిడిపండ్ల గంపతో దిగారు. గంగులమ్మ వంటింటి గడప దాటకుండానే నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేం సర్దుడన్నా, పెండ్లి ఫోటోకి నిలబెట్నట్టు!"

ఆమె విధానం వేరు. రంగును బట్టి సర్దాలట! తెల్లవన్నీ ఒకచోట: ఉప్పు, చక్కెర, బియ్యప్పిండి. మట్టి రంగువన్నీ ఇంకోచోట: రాగిపిండి, ధనియాల పొడి, కాఫీ పొడి. స్నానాల గదిలో పడి ఉన్న సీకాయ పొడికి కూడా ఈ లెక్కన వంటింటికి ప్రమోషన్ వచ్చింది.

మరునాడు పొద్దున్నే రాగి జావ కాచాను. అతిథి మర్యాద కదా, మొదటి గ్లాసు లింగప్పకే పోశాను. ఆయన సగం తాగి, మీసాలకు అంటిన నురగ తుడుచుకుని, మర్యాదగా అడిగాడు.

"బావా, మీ మదనపల్లె రాగులకి నురగ వస్తాదా?"

గంగులమ్మ గిన్నె వాసన చూసింది. "అయ్యో! తలకంటుకునేది తాగిస్తివి కదన్నా!"

"పోనీలే. లోపల జిడ్డుంటే పోతాది," అన్నాడు లింగప్ప. దేవుడు కొందరిని ఇలా కూడా పుట్టిస్తాడు!

లాభాలు చూశారా? కడుపు శుభ్రం. స్టూలెక్కి దిగడంతో ఒంటికి వ్యాయామం. ఒకరోజు కాఫీ పొడి కోసం వెతుకుతుంటే ఎప్పుడో పోయిందనుకున్న కళ్లజోడు దొరికింది. కాఫీ పొడి దొరకలేదనుకోండి, కానీ దొరకలేదన్న సంగతి స్పష్టంగా కనిపించింది!

వాళ్లు ఊరెళ్లాక, ఎవరికీ చెప్పకుండా బదిలీలన్నీ రద్దు చేయడం మొదలుపెట్టాను. ఉప్పు తన చోటికి వచ్చింది. చింతపండు వచ్చింది. మెంతుల డబ్బా చేతిలో పట్టుకుని మాత్రం నిలబడిపోయాను. దీన్ని మాలతి ఎక్కడ పెట్టేది?

గుర్తు రాలేదు. ఎంతసేపు నిలబడినా రాలేదు. భయం వేసింది. ఇవాళ మెంతులు. రేపు?

పుంగనూరుకు ఎస్టీడీ కలిపాను. "గంగులమ్మా, మీ వదిన మెంతులు యాడ పెట్టేది?"

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "కింది అరలో, ఆవాలకి ఎనకాల. ముందర పెడితే పొద్దున్నే సేదు మొగం సూడాలనేది వదిన."

"అంత తెలిసీ యాల మార్చినావు?"

"మార్చకపోతే నువ్వు ఫోన్ చేస్తావా అన్నా? పోయినేడు బెల్లం డబ్బా ఒక్కటి మారిస్తే, యాడుండాదని చేసినావు. మళ్లా ఇదే!"

పాఠకులారా, ఇంతసేపూ మీరు నన్ను చుట్టాల బాధితుడనుకుని జాలిపడి ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే ఫిర్యాదు వాళ్లది, ముద్దాయిని నేను!

మెంతులు ఆవాల వెనక్కి చేరాయి. పసుపు డబ్బా నా ఎదురుగానే ఉంది. రేపు దాన్ని ఎక్కడ పెట్టావని గంగులమ్మను గట్టిగా నిలదీయాలి. జీలకర్ర కూడా కనిపిస్తూనే ఉంది. దాని సంగతి ఎల్లుండి కుప్పానికి ఫోన్ చేసి ఉషను అడుగుతాను.